ఒక్కసారి లాగిన తాళం

వీధిలో ఎవరి తాళం మొరాయించినా ఆయనే దిక్కు. తన ఇంటి తాళాన్ని మాత్రం ఆయన నమ్మేవాడు కాదు. వేసి, లాగి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వచ్చి లాగేవాడు. అలా రోజూ పదకొండుసార్లు. తాళాల దుకాణం తెరిచేసరికి ఎండెక్కేది, వచ్చినవాళ్ళు వేరే చోటు చూసుకునేవాళ్ళు. ఇక దుకాణం మూసుకోవాల్సిందేనని భయపడి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాడు. తాళం లాగడం వారానికి రెండుసార్ల చొప్పున తగ్గించుకుంటూ పొమ్మందావిడ. "భయం వస్తుంది, రానివ్వండి. మీరు వెనక్కి వెళ్ళకపోతే అదే విసుగెత్తి పోతుంది," అంది.

ఐదు వారాలు గడిచాయి. ఈరోజు ఒక్కసారే లాగాలి. లాగి, వీధి మలుపు దాకా వెళ్ళి ఆగాడు. కాళ్ళు ఇంటివైపే తిరిగాయి. చేతులు జేబుల్లో కుక్కుకుని అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి భయం నిజంగానే తగ్గింది. సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్ని కేకేసింది.

"ఒరే అబ్బాయ్, తాళంచెవి తాళానికే వేలాడుతోందిరా!"

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, ఆపుకున్నాడు. "నీ దగ్గరే ఉంచు పిన్నీ, సాయంత్రం తీసుకుంటా."

"తాళం పడిందో లేదో లాగి చూడనా?"

"వద్దు, నీకు పుణ్యముంటుంది! ఇవాళ్టి కోటా అయిపోయింది."

ఆ పూట ఆయన దుకాణం తెరిచేసరికి ఇంకా ఎండెక్కలేదు.