మైకు పీకేశాక వచ్చిన ప్రూఫు

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. నాంపల్లిలో ఒక పాత బిల్డింగు కింద డీటీపీ షాపు నడుపుతున్నాను. ఇక్కడ ఫైలు సేవ్ చేయకముందే కరెంటు పోతుందేమోనని తప్ప, ఇన్నేళ్లలో దేనికీ భయపడింది లేదు. ఇది కూడా దయ్యం కథని నేననను. జరిగింది చెబుతాను, అంతే.

షాపు మా ఆయనా నేనూ కలిసి పెట్టాం. నేను టైపు చేసేదాన్ని, ఆయన ప్రూఫు చదివేవాడు. మనసులో కాదు, పైకి, కామాలతో సహా. పక్క షాపులవాళ్లు నవ్వినా మానలేదు. నిరుడు గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి టైపూ నేనే, ప్రూఫూ నేనే.

ఆ మధ్యాహ్నం యాదగిరి అనే ఆయన పెళ్లి కార్డు చూసుకోవడానికి వచ్చాడు. పెళ్లికూతురికి బాబాయి.

"మా నాయినకు ఒక్కటే యావ అక్కా. దవాఖానల పండుకొని గూడ, కార్డు మీద నా పేరు చూపియ్యుండ్రి అంటడు" అన్నాడు. తెర వంక అలా ఒక చూపు చూసి, "మీరుండంగ నాకేం ఫికర్" అని వెళ్లిపోయాడు. ఇక ఫైలు అబిడ్స్‌లోని ప్రెస్సుకు పంపడమే మిగిలింది.

పంపబోతుంటే కంప్యూటరు అప్‌డేట్ మొదలుపెట్టింది. నన్నెవరడిగారు! అది పూర్తయ్యేసరికి బయట వాన పట్టుకుంది. జల్లు కొడుతోందని షట్టరు సగం దించాను.

తెర మీద అన్నీ కొత్తగా ఉన్నాయి. వాన తగ్గేదాకా చేసేదేముందని సెట్టింగులు తెరిచి ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చున్నాను. కళ్లకు హాయిగా ఉంటుందని పసుపు వెలుతురు పెట్టాను. తెర తేనె రంగుకు తిరిగింది. ఆ తర్వాత, మాట్లాడితే తెలుగులో టైపు చేసే సదుపాయం కనిపించింది. కంప్యూటరుకు మైకు లేదు కాబట్టి, మైకున్న హెడ్‌ఫోను, మా అమ్మాయిది, తగిలించి "హలో" అన్నాను. "హలో" అని పడింది. చిన్నపిల్లలా సంబరపడ్డాను.

ఆకలేసి, హెడ్‌ఫోను తీసి, ప్లగ్గు పీకి పక్కన పెట్టి, టిఫిను డబ్బా తెరిచాను. తలెత్తేసరికి తెర మీద మాటలు పడుతున్నాయి.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి కామా.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాన తప్ప వేరే చప్పుడు లేదు. భయం వేసిందా అంటే, లేదు. ఒళ్లంతా తేలికై నిద్రలోకి జారుతున్నట్టుంది. కార్డులోని మాటలన్నీ వరసగా వస్తున్నాయి, మా ఆయన ఆగే చోటల్లా ఆగుతూ. పెళ్లికూతురి తాత పేరు దగ్గర నిలిచిపోయాయి. కాసేపటికి ఇలా పడింది:

"గిదేంది సుజాతా. ముసలాయన బతికే ఉన్నడు గద."

గబగబా ఫైలు తెరిచాను. పెద్దాయన పేరు ముందు "కీర్తిశేషులు" అని ఉంది! ఎవరిదో పాత కార్డు ఫైలు తీసుకుని దానిలోనే పేర్లు మార్చాను. ఆ కార్డులో తాత చనిపోయినవాడు. పేరు మార్చాను గానీ, ముందున్న ఆ మాట చూసుకోలేదు. దవాఖానలో ఉన్న మనిషికి ఆ కార్డు చూపించి ఉంటే?

వెంటనే తీసేశాను. "ఇగ పంపు" అని పడింది. ప్రూఫు అయ్యాక ఆయన ఎప్పుడూ అనేది అదే. ఏడుస్తూనే పంపాను.

మైకు మళ్లీ తగిలించి, "ఏమయ్యా, ఉన్నవా?" అన్నాను. నా మాటే పడింది. షాపు మూసేదాకా పిలుస్తూనే ఉన్నాను. అన్నీ నా మాటలే.

పెద్దాయన కార్డు చూసుకుని మురిసిపోయాడని యాదగిరి తర్వాత చెప్పాడు. మా అమ్మాయి మాత్రం, "కంప్యూటరు బయటోళ్ల మాటలు పట్టుకున్నదేమో అమ్మా" అంది. మైకు లేకుండానా అంటే, సెట్టింగులన్నీ వెతకడం మొదలుపెట్టింది.

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోతే పోయింది. నా కోపమల్లా మా ఆయన మీదే. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, ఎట్లున్నవని ఒక్క మాట అడగలేదు. కార్డులో తప్పు కనిపించింది సరే, దాని ముందు ఒంటరిగా కూర్చున్న నేను కనిపించలేదా?