జీపుకి చిల్లు పెట్టకుండా ట్రైలర్‌కి బ్రేకు: రిఫా నుంచి సఖీర్ దాకా

చలికాలం వస్తే బహ్రెయిన్‌లో చాలా కుటుంబాలు సఖీర్ ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. రిఫాలో మేం పనిచేసే ఇంటివాళ్లూ అంతే. నేను అక్కడ వంట చేస్తాను, మా ఆయన డ్రైవరు. యజమానిని అందరం బాబా అంటాం. ఈసారి ఆయన వంటగది ఉన్న ట్రైలర్ కొన్నారు. దాన్ని కొత్త జీపుకి తగిలించి తెస్తుంటే, రౌండబౌట్ దగ్గర జీపు ఆగినా ట్రైలర్ ఆగకుండా వెనకనుంచి తోసింది. చక్రాలకి కరెంటు బ్రేకులున్నాయి గానీ, జీపులోంచి వాటిని నడిపే కంట్రోలర్ లేదు; అది బిగించాలంటే మామూలుగా డ్యాష్‌బోర్డుకి చిల్లులు పెట్టాలి. "క్యాంపు లోపు సరిచేయించు. జీపుకి ఒక్క చిల్లు పడకూడదు. కాకపోతే ట్రైలర్ వేరే డ్రైవర్‌కిస్తా" అన్నారు బాబా. అంటే క్యాంపు ఉన్నన్నాళ్లూ నేను ఎడారిలో, మా ఆయన రిఫాలో. బాబా భార్య మేడమ్‌ని సెలవడిగి నేనూ బయలుదేరాను.

ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి, కుడివైపు లేన్‌లోనే మెల్లగా వెళ్లాం. సల్మాబాద్ గ్యారేజీల వీధికి ముప్పావుగంట పట్టింది. "ముందు బండికి దూరంగా ఉండండి" అని దారంతా చెబుతూనే ఉన్నాను. "బ్రేకు నా కాలికిందుందా, నీ నోట్లో ఉందా?" అని నవ్వారు మా ఆయన.

గ్యారేజీ నడిపే రాజన్నది జగిత్యాల వైపు. "రా తమ్మీ. చెల్లె గూడ వచ్చిందా? కూసో చెల్లె" అని రెండు డబ్బాలు తెచ్చాడు. "గివి రెండూ వైర్‌లెస్సే. లైట్ల ప్లగ్గుకూ ట్రైలర్ వైరుకూ నడుమ గీ పెట్టె తగిలిస్తే అయిపాయె. ఒకటి ఫోన్ల నడుస్తది, ఇంకోటి చేతి రిమోట్‌తోని." కాలి బ్రేకు తొక్కితే ట్రైలర్ బ్రేకు దానంతటదే పడుతుందట. ఎంత గట్టిగా పట్టాలో అంకె పెట్టుకోవాలి. ట్రైలర్ ఊగితే దాన్నొక్కదాన్నే ఆపడానికి ఒక బటన్ ఉంది. ఫోనుది తొంభై దినార్లు, రిమోట్‌ది నూటపది, బిగింపు ఐదు. మా ఆయన కళ్లు ఫోనుదాని మీదే ఉన్నాయి.

వెనక ఖాళీ స్థలంలో నడకంత వేగంతో నడిపి చూశాం. "ఇప్పుడు ఒత్తు తమ్మీ!" అని రాజన్న అరిచాడు. మా ఆయన తెరమీద వేలు పెట్టేసరికి అమలాపురం నుంచి వీడియో కాల్. బ్రేకు పడలేదు, మా అత్తగారు ప్రత్యక్షమయ్యారు.

"ఒరేయ్ సత్తిబాబూ, టిఫిన్ చేశావా?"

"అమ్మా, పెట్టెయ్యే! బ్రేకు మీదున్నావు!"

"బ్రేకేంట్రా, నేను మీ అమ్మని!"

మా ఆయన కాలితో జీపు ఆపారు. రాజన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మగవాళ్ల మధ్య నాకు నోరు పెగలదు. అయినా అనేశాను: "ఏవండీ, రిమోట్‌దే తీసుకుందాం. దారంతా మేడమ్ ఫోన్ చేస్తూనే ఉంటారు కదా."

"చెల్లె ఒక్కటే మాట మాట్లాడింది, గదే ఖాయం చెయ్యి తమ్మీ" అన్నాడు రాజన్న.

బిగింపు అరగంటలో అయిపోయింది. చక్రాలు బిగుసుకునేదాకా అంకె పెంచి, తర్వాత కాస్త తగ్గించాడు. రిమోట్ గ్లాసు పెట్టుకునే గుంటలో సరిపోయింది.

సాయంత్రం నాలుగింటికి బాబా స్వయంగా చూద్దామని వెనక సీట్లో కూర్చున్నారు. సఖీర్ దారిలో మొదటి రౌండబౌట్ దగ్గర ట్రైలర్ మళ్లీ తోసింది. బాబా ముందు సీటు పట్టుకున్నారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున ఖాళీగా ఉన్న ట్రైలర్ నీళ్ల ట్యాంకు బయలుదేరేముందు నేనే నిండా నింపాను. "బరువు పెరిగిందండీ, అంకె పెంచండి" అన్నాను మెల్లగా. బండి పక్కకి ఆపి పెంచారు. తర్వాతి రౌండబౌట్ దగ్గర జీపూ ట్రైలరూ ఒక్క బండిలా ఆగాయి.

"ఖలాస్" అన్నారు బాబా, ఇక సరే అన్నట్టు. "క్యాంపుకి నువ్వే తీసుకురా."

రిఫా నుంచి సఖీర్ అరగంట దారి. చూడ్డానికి ఇసుకా, పైపులైన్లూ తప్ప ఏమీ ఉండవు. కానీ ఒకే ఇంట్లో పనిచేస్తున్నా, మేమిద్దరం పక్కపక్కన ఊరికే కూర్చునేది అలాంటి అరగంటల్లోనే. ఈ చలికాలమంతా అవి మావే. తిరిగొచ్చేటప్పుడు దారి ఖాళీగా ఉన్నా, ఇంకాస్త మెల్లగా పోనిమ్మన్నాను.

మీరూ ట్రైలర్ తీసుకెళ్తుంటే, నీళ్లు, గ్యాసు, సామాను అన్నీ ఎక్కించాకే బ్రేకు అంకె సరిచూసుకోండి.