కంప్లీట్ అని రాశాను

ఫుల్, ఎంటైర్, కంప్లీట్, హోల్... ఈ ఇంగ్లీషు మాటలన్నిటినీ ఒకే గాటన కట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండేది. గల్ఫ్‌లో ఫుజైరా దగ్గర రాళ్ల క్వారీ ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో గదిలోవాళ్లను కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పేవాణ్ణి. ఫుల్ అంటే బిందె నిండటం. ఎంటైర్ అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా. కంప్లీట్ అంటే చేయాల్సింది ముగియడం. హోల్ అంటే ఎక్కడా తెగకుండా, విరగకుండా ఉండటం.

"నీకేం పనిలేదా తమ్మీ? మాకు ఖలాస్ ఒక్కటి సాలదా?" అని నవ్వేవాడు నా పక్క మంచం అన్న. ఆయనది జగిత్యాల వైపు.

కరోనా సద్దుమణిగిన ఏడాది, రాళ్లు నలిపే యంత్రంలో పడి అన్న కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఆరు వారాల తర్వాత ఆసుపత్రివాళ్లు అరబ్బీ కాగితమొకటి ఇచ్చి పంపేశారు. ఆఫీసు ఫైళ్లన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి, అలాంటి కాగితాల సారం ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి మా మేనేజరు ముదీర్ ముందు పెట్టడం నా పని. ఆయన చదివేది ఆ ఒక్క ముక్కే.

"చెయ్యి మంచిగ లేదని రాస్తే ఇంటికి తోలేస్తరు తమ్మీ. నీ కాల్మొక్త, జర మంచిగ రాయి" అని అన్న బతిమాలాడు.

హోల్ అని రాస్తే పచ్చి అబద్ధం. అందుకు నాకు మనసొప్పలేదు. "ట్రీట్‌మెంట్ కంప్లీట్" అని రాశాను. వైద్యం ముగిసిన మాట నిజమే కదా! పదం ఎంత చక్కగా కుదిరిందోనని మురిసిపోయాను కూడా, సిగ్గులేనివాణ్ణి. ముదీర్ చూసి "తమామ్, యల్లా" అన్నాడు, అంతా బాగుంది, ఇక కానివ్వండి అని. మర్నాడే అన్నను పాత పనిలోకి ఎక్కించారు.

తొమ్మిదో రోజు యంత్రం పక్క ఇనప నిచ్చెన మీద అన్న పట్టు జారింది. నేను పరిగెత్తుకెళ్లేసరికే ప్రాణం పోయింది.

శవపెట్టె ఊరు చేరిన రోజు వదిన ఫోన్ చేసింది.

"తమ్మీ, ఆయన చేతికి రెండు వేళ్లు లెవ్వు. ఆడ దవాఖానల్నే మర్చిపోయిన్రా? జర చూసి పంపియ్యి. గవి లేకుంట మనిషినెట్ల సాగనంపుత?"

అన్న ఇంట్లో ఎవరికీ చెప్పలేదని నాకప్పుడే తెలిసింది. నిజం చెబుదామని నోరు తెరిచాను.

"దొరకలేదు వదినా" అన్నాను.

"ఇంకొక్కసారి దేవులాడు తమ్మీ" అంది.