శెనక్కాయ నూనె మీద నేను వేసిన నింద

ఒక రక్తపరీక్ష కాగితాన్ని తప్పుగా చదివి, మా అత్త మూడు వారాలు ఇల్లు విడిచి వెళ్లేలా చేసిన ఘనత నాది. డిగ్రీలో జువాలజీ చదివానన్న ధీమా లేకపోతే ఇంత పెద్ద పొరపాటు నావల్ల అయ్యేది కాదు. చదువు రాని మనిషైతే డాక్టర్ను అడిగి ఊరుకునేది.

అప్పుడు నాకు నలభై రెండేళ్లు. మధ్యాహ్నానికే ఒళ్లు తడిసిన గోనెసంచిలా బరువెక్కేది, పొద్దున లేస్తే మొహం ఉబ్బి ఉండేది. అనంతపురంలో పరీక్షలు చేయించుకుంటే మూడు చోట్ల 'ఎక్కువ' అని గుర్తు పెట్టిచ్చారు: చెడ్డ కొలెస్ట్రాల్, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ చూపించే సీఆర్పీ, థైరాయిడ్ వరసలో టీఎస్‌హెచ్. డాక్టరమ్మ ఊళ్లో లేదు, మూడు వారాలాగి రమ్మన్నారు. ఆగే ఓపిక నాకుంటే మీకీ కథ ఉండేది కాదు. బస్సు దిగేలోపే తీర్పు చెప్పేశాను. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోంది. కొవ్వుకూ వాపుకూ కారణం మా అత్త గరిటె.

మాది కంబదూరు దగ్గర పల్లె. పొలంలో శెనక్కాయ, డబ్బాలో శెనక్కాయ నూనె, పళ్లెంలో శెనక్కాయలు నూరిన ఊరిబిండి. ఆ ఇంట్లో శెనక్కాయను నిషేధించడమంటే ఇంటిపేరు మార్చుకోమనడమే. నేను నిషేధించాను. నూనె చుక్క లేకుండా క్యాబేజీ ఉడకబెట్టి వడ్డించాను. మా ఆయన చావింటికి వచ్చినవాడిలా తల దించుకుని తిన్నాడు. అత్త పళ్లెం పక్కకు జరిపింది.

"నీ నూనెతోనే నా రక్తం చెడింది అత్తా. కాగితంలో రాసినారు."

"కాగితంలో నా పేరు ఉండాదా? అరవై ఏండ్లుగా ఈ నూనే తింటాండా. నాకు లేని కొవ్వు నీకు యాడనుంచి వచ్చెనే?"

మాటకు మాట పెరిగింది. మర్నాడు ఆమె ఉరవకొండలో ఉన్న కూతురింటికి బస్సెక్కింది. తప్పు తన నూనెది కాదని నేను నా నోటితో చెప్పేదాకా గడప తొక్కనని మా ఆయనకు చెప్పి మరీ వెళ్లింది. ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి దగ్గర పోట్లాడుకున్న మనుషులం. ఎదురు చెప్పేవాళ్లు లేని వంటింట్లో నాకు చెయ్యి ఆడలేదు. అయినా తగ్గలేదు. డాక్టరమ్మ చేతే నూనెను దోషిగా తేల్పిద్దామని మా ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను.

"నాకు థైరాయిడ్ ఎక్కువ ఉండాది మేడం, తగ్గే మాత్ర రాయండి."

"ఎక్కువ కాదమ్మా, కొంచెం తక్కువ."

"కాగితంలో ఎక్కువని ఉంటే మీరు తక్కువంటారే?"

ఆమె కలం కింద పెట్టింది. "మీ ఆయన ఒకసారి పిలిస్తే పలుకుతాడా?"

"నాలుగుసార్లు అరవల్ల."

"అరుపు ఎందుకు పెరిగె? ఆయన పలకడం తగ్గినందుకు. ఈ టీఎస్‌హెచ్ కూడా అరుపే. గొంతులోని థైరాయిడ్ మందగిస్తే, పని చెయ్యమని మెదడు కింది గ్రంథి అరుస్తాది."

వైద్యశాస్త్రంలో తనకూ చోటు దొరికినందుకు మా ఆయన మొహం వెలిగిపోయింది.

మిగతాది ఆమె నిదానంగా చెప్పింది. థైరాయిడ్ కొంచెం మందగించినా, రక్తంలోని చెడ్డ కొవ్వును లాగేసే కాలేయం పని నెమ్మదించవచ్చట. ఇన్‌ఫ్లమేషన్ గుర్తు కూడా కొందరిలో దీంతోపాటే కొంచెం పెరుగుతుందట. నాది దానివల్లేనని మాత్రం గట్టిగా చెప్పలేమంది. థైరాయిడ్ తయారుచేసే అసలు హార్మోన్ ఇంకా సరిగానే ఉంది కాబట్టి తొందరలేదు, రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసి మాత్ర సంగతి చూద్దామంది. నూనె మితంగా వాడుకోమంది. దాని మీద కేసు పెట్టాల్సిన పనిలేదంది.

ఉరవకొండలో అత్త నలుగురాడవాళ్లతో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. వాళ్ల ముందే చెప్పాల్సి వచ్చింది.

"తప్పు నీ నూనెది కాదత్తా. నా గొంతుది."

ఆమె చేతిలోని కాయ చిట్లించి, గింజలు చేటలో వేసింది.

"ఆ మాట నువ్వు కాపురానికొచ్చిన మరుదినమే చెప్పింటి. దానికి రక్తం తీయల్లనా?"

తిరుగు బస్సులో ఆమె పక్కనే కూర్చుని గట్టి ప్రమాణం చేసుకున్నాను: ఇక ఏ కాగితంలో 'ఎక్కువ' అని కనిపించినా, ఏది ఎక్కువో డాక్టర్ చెప్పేదాకా నా గొంతు ఎక్కువ చేయను. డాక్టర్‌తో వాదించనని మాత్రం ప్రమాణం చేయలేదు. అంత తగ్గించడానికి ఏ మాత్రా లేదు.