సుంచు పూల కుండ ముందు నికాసియా

నా పెళ్ళాం నికాసియా నోటికి మా కొండ కొండంతా జడుస్తుంది. పొద్దున్నే గొర్రెల్ని తిట్టి లేపుతుంది, తర్వాత నన్ను. బంగాళాదుంప మాడినా తిట్లే, మాడకపోయినా తిట్లే. ఇన్నేళ్ల కాపురంలో నేను ఎదురు మాట అన్నది లేదు. అనడానికి సందు దొరికితే కదా.

ఈ ఏడు ఊరి పెద్దరికం కర్ర నా చేతికొచ్చింది. పండగనాడు అది పట్టుకుని నడిచేవాడికి భుజాల మీద కప్పుకునే పసుపు చారల ఉన్ని పోంచో ఉండాలి. ఆ పసుపు మా వాలులో పొదల నిండా పూసే సుంచు పూలదే కావాలి, సొంత పెళ్ళామే అద్దాలి. కొన్న రంగుతో వచ్చినవాణ్ణి మావాళ్లు చచ్చేదాకా ఎగతాళి చేస్తారు. ఇంకో చిక్కుంది. కుండ ఉడికేటప్పుడు దాని ముందు ఎవరూ కోపంగా మాట్లాడకూడదు, రంగు బెదిరి బురదలా తేలుతుంది. నికాసియా అప్పటికే రెండు కుండలు పాడుచేసింది. మొదటిది కుక్కను తిట్టి, రెండోది ఆ మొదటి కుండను తిట్టి. మంచు పడి పూలు రాలిపోతున్నాయి. మిగిలినవి ఒక్క కుండకే సరిపోయాయి.

పటిక నీళ్లలో నానిన ఉన్ని కుండలో వేసి, నోరు జారకుండా బుగ్గ నిండా నమిలే కోకా ఆకులు కుక్కుకుని కూర్చుంది నికాసియా. ఈ కుండైనా నిలవాలన్న కంగారులో నేను మొక్కజొన్న కల్లు కుండను తన్నేశాను.

"పోన్లే అయ్యా. కాలికేమన్నా తగిలిందా?" అంది.

ఇంతలో వంటింట్లో పెంచుకునే గినీపందులు నా కొత్త టోపీ కొరికేశాయి.

"పాపం, ఆకలేసుంటుంది," అంది. ఆమె నుదురు తాకి చూశాను. జ్వరం లేదు.

ఆమె ఇవాళ తిట్టకూడదన్న సంగతి తెలిసి పక్కింటి మెలితోన్ నిప్పు కావాలనే వంకతో వచ్చి గడప మీద చతికిలబడ్డాడు. నికాసియా చేతిలో తిట్లు తినీ తినీ ఉన్నవాడు, ఇలాంటి రోజు కోసమే కాచుకున్నాడు.

"ఏం వదినా, నీ నాలుకను పిల్లి ఎత్తుకుపోయిందా?"

ఆమె నవ్వింది. పళ్లు కొరుకుతూ నవ్వింది.

"నోరొక్కటే గదా నీకున్నది, అదీ మూతపడితే ఇంకెందుకు పనికొస్తావు? మా అన్నకి ఇన్నాళ్లకి సుఖం దక్కింది. ఇట్లాగే మూగదానివై ఉండిపో!"

నికాసియా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పెదవి విప్పలేదు. నా పోంచో కోసం!

"లేరా! లే ఇక్కణ్ణించి!" ఆ గొంతు ఎవరిదా అని నేనే తిరిగి చూశాను. నాదే. "నా పెళ్ళాన్ని మూగదై పొమ్మంటావా? ఆమె తిట్టకపోతే నాకు తెల్లారినట్టే ఉండదురా, గాడిదా!"

గినీపందులు పొయ్యి వెనక్కి దూరాయి. మెలితోన్ ఒక చెప్పు వదిలేసి పరుగెత్తాడు.

అప్పుడు గుర్తొచ్చింది కుండ. నికాసియా కర్రతో ఉన్ని పైకెత్తింది. అచ్చం బురద. ఇక పండగలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? తల దించుకుని తిట్ల కోసం కాచుకున్నాను.

ఆమె కోకా ఆకులు ఉమ్మేసింది. "ఇన్నేళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచావయ్యా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ఉన్నితోనే చారలు నేసింది. పండగనాడు నేను కర్ర పట్టుకుని నడుస్తుంటే ఆడవాళ్లు మూతులు తిప్పారు.

"ఇదేం రంగే నికాసియా?"

"మా ఆయన నాకోసం కేకేస్తే వచ్చిన రంగు," అంది ఊరంతా వినేలా. "మీ మొగుళ్లది ఏ రంగో చూపించండి!"