సార్ మురుకుల డబ్బా

ఈ నెల మొదట్లో ఓ పొద్దున సార్ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయిన పోయిండు. మొన్న ఆదివారం గూడ క్లాసు చెప్పిండు" అంది.

ఆ ఆదివారం క్లాసు తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో సార్, నేను కలిసి మొదలుపెట్టింది. హైస్కూల్ పిల్లల్లో చురుకైన పదిమందిని ఏరి సైబర్ సెక్యూరిటీ నేర్పేవాళ్లం. బంద్ అయితే ఎల్‌బీ నగర్‌లో సార్ ఇంట్లో క్లాసు. పిల్లలు నడిచే వచ్చేవాళ్లు. సార్‌ది నల్లగొండ పల్లె. పిల్లల్లో సగం కోస్తావాళ్లు. వాళ్లు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, "రాష్ట్రం ఎవరిదైతేంది బిడ్డా, పాస్‌వర్డ్ మాత్రం ఎవరిది వాళ్లకే!" అని నవ్వించేవారు.

బల్ల మీద నంబర్ తాళం వేసిన మురుకుల డబ్బా ఉండేది. ఎవరైనా తాళం తీయొచ్చు. కానీ ముందు అడగాలి, తీశాక ఎలా తీశారో చెప్పాలి. అప్పుడే మురుకులు.

నాకు మాత్రం గుబులే. మనం నేర్పేది కాపలానా, దొంగతనమా? ఓ బంద్ రోజు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల అమ్మాయి, తొమ్మిదో తరగతి, నా ల్యాప్‌టాప్ తెరిచేసింది. తెర మీద ఓ కబురు కూడా పెట్టింది: "మేడమ్, మీ పాస్‌వర్డ్ మీ స్కూటీ నంబరేనండీ. మార్చుకోండి."

"ఈ పిల్ల ఇక క్లాసుకు వద్దు సార్" అన్నాను మండిపడి.

"ఏమీ ముట్టుకోలేదండీ, మీకు చెబుదామనే..." ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.

"అడగకుండ తీసింది, తప్పే," అన్నారు సార్. "కానీ తీసి చెప్పింది మేడమ్. చెప్పేటోళ్లను ఎల్లగొడితే, చెప్పకుండ తీసేటోళ్లే మిగుల్తరు." పిల్ల వైపు తిరిగి, "ఇంకోసారి అడగకుండ తీస్తివా, నీకు మురుకులు బంద్!" అన్నారు. మళ్లీ నాతో, "మీరు గూడ జర ఆ స్కూటీని ఇడిశిపెట్టుండ్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. ఆ పిల్ల క్లాసులోనే ఉంది. సార్ చేసింది పూర్తిగా సరైనదేనా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. ఇప్పుడు ఆ అమ్మాయి కంపెనీల కంప్యూటర్లలో లొసుగులు వెతికి, దొంగలకంటే ముందు వాళ్లకు చెప్పే ఉద్యోగం చేస్తోంది.

పదో రోజున సార్ ఇంటికి తనూ వచ్చింది. బల్ల మీద డబ్బా తాళంతో అలాగే ఉంది. సార్ ఎప్పటికప్పుడు మార్చే నంబర్ ఎవరికీ తెలియదు. ఎవరో సుత్తి తెమ్మన్నారు. ఆ అమ్మాయి సార్ భార్య పక్కన కూర్చుని, "అమ్మా, తీయమంటారా?" అని అడిగింది.

"తియ్ బిడ్డా. ఎట్ల తీసినవో మాకు గూడ చెప్పాలె."

తాళాన్ని చెవికి ఆనించి, అంకెలు ఒక్కొక్కటే తిప్పింది. టక్కుమంది. డబ్బా నిండా ఆఖరి ఆదివారం నింపిన మురుకులు. తను ఎలా తీసిందో చెబుతుంటే, ఇల్లంతా కరకరలాడిస్తూ విన్నది.