ఖాళీ కుర్చీకి కాపలా

నేషనల్ పార్కు లోపల డబ్బు కట్టి, నంబరు వేసిన స్థలంలో, పక్కవాడి గురక వింటూ పడుకునేవాళ్లంటే నెల్డా ప్రూయిట్‌కి జాలి. పార్కు గేటుకి ఇవతల తారు రోడ్డు దిగి, గుంతల ఎర్రమట్టి దారిలో పడితే, కంచె లేని సర్కారు బయలు కావలసినంత ఉంది. ఇదివరకు ఎవరో ఆగిన చోట, పాత పొయ్యి రాళ్ల పక్కన బండి ఆపుకోవచ్చు. అద్దె లేదు, కుళాయి లేదు, మరుగుదొడ్డి అసలే లేదు. రెండు వారాలు దాటితే మాత్రం చక్రాలు కదలాలి. దీన్ని స్వేచ్ఛ అనీ, ప్రకృతి ఒడి అనీ పొగిడేవాళ్లు మాకు అప్పుడప్పుడూ తగులుతుంటారు. మొదటి వానకి మట్టి జిగురై చక్రాలు దిగబడగానే వాళ్ల కవిత్వం ఆగిపోతుంది. నెల్డా నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. పొద్దున లేచి పొయ్యి చుట్టూ ఊడ్చుకుంటుంది, అంతే.

ఆమె ఉద్యోగమంతా స్కూలు బస్సు నడపడమే. రిటైరయ్యాక పాత వ్యాను కొని, వెనకాల మంచం బిగించుకుంది. చలికాలం దక్షిణాన ఎడారిలో ఉంటుంది. వసంతంలోనూ అక్టోబరులోనూ మా దారికి వస్తుంది. నేనూ ఆ దారి మనిషినే. పక్కవాడి పొగ కనబడాలి, మాట వినబడకూడదు. అంత దూరంలో దిగడం మా మర్యాద.

మాకు ఇంకో అలవాటుంది. నీళ్లకో సరుకులకో ఊళ్లోకి వెళ్లేవాళ్లు తమ చోట ఒక మడత కుర్చీ వదిలి వెళ్తారు. కుర్చీ ఉందంటే మనిషి ఉన్నట్టే. కొందరు దీన్ని సాగదీసి, తాము రాకముందే ఎవరిచేతో కుర్చీ వేయిస్తారు, కిటికీలోంచి బస్సు సీటు మీద రుమాలు విసిరినట్టు. వీళ్ల పేరెత్తితే నెల్డాకి ఒళ్లు మంట. పోయిన అక్టోబరులో మంట చుట్టూ చేరిన మా అందరికీ పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది: సర్కారు భూమిలో చోటు మనిషిదిగానీ కుర్చీది కాదని. అంత మాటన్న మనిషి ఇన్నేళ్లలో ఎవరి కుర్చీనీ ముట్టుకున్న పాపాన పోలేదు.

ఈ అక్టోబరులో ఆమెకి ఒక చోటు తప్పనిసరిగా కావలసి వచ్చింది. స్నేహితురాలు లారూ వస్తోంది. ఇద్దరూ ఒకే బస్సు డిపోలో పనిచేశారు. లారూది ఆఫీసులో ఫోను దగ్గర పని. నెల్డా పోరు పడలేక లారూ వేసవిలో, బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ట్రైలర్ ఇల్లు కొంది. కొన్నాక, దాన్ని వెనక్కి నడపడం తనవల్ల కాదని తేలింది. బడి మైదానంలో ప్రయత్నిస్తే ట్రైలర్ వెళ్లి గోల్‌పోస్టుని కౌగిలించుకుందట. మొదటి ప్రయాణంలోనే ఎక్కడైనా ఇరుక్కుంటే దాన్ని అమ్మేస్తానని, మళ్లీ తనని పిలవొద్దని ఫోనులో ముందే చెప్పేసింది. ఒంటరిగా తిరగడంలో ఉన్న హాయి గురించి అందరికీ చెప్పే నెల్డా, నాతో ఒకసారి మాత్రం, కాఫీ ఇద్దరికి సరిపడా కాచే అలవాటు ఇంకా పోలేదంది.

మా దారి చివర రాతిగట్టు మీద నెల్డా ఎప్పుడూ దిగే చోటొకటుంది. అక్కడైతే బండి జునిపెర్ చెట్టు చుట్టూ తిరిగి, ముందుకే నడుస్తూ మళ్లీ దారెక్కుతుంది. మిగతా ఎక్కడ ఆగినా వెనక్కి నడపక తప్పదు. నెల్డా వచ్చేసరికి సరిగ్గా ఆ చోట, బండి తిరిగే దారికి అడ్డంగా, నీలం పట్టీల కుర్చీ ఒకటి కూర్చుని ఉంది. మనిషి లేడు, బండి లేదు, పొయ్యిలో బూడిద కూడా లేదు. ఆమె తిట్టుకుంటూ కిందికి దిగి, ఆవుల నీళ్లతొట్టి పక్కన బురదలో వ్యాను పెట్టింది.

తీసి పక్కన పెట్టమన్నాను.

"తీస్తే వాడికీ నాకూ తేడా ఏముంది? రానీండి వాణ్ణి. ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి చెప్తాను," అంది.

వాడు రాలేదు. జింకల వేటగాళ్లు వచ్చారు. పికప్పు ఆపి, చోటు ఖాళీయేనా అని అడిగితే నెల్డా గబగబా గట్టెక్కి, కుర్చీ కనబడట్లేదా, ఆయన ఊళ్లోకి వెళ్లాడని చెప్పి పంపేసింది. ముక్కూ మొహం తెలియనివాడి కోసం అబద్ధమెందుకని అడిగాను. వాడు తిట్లు తినాల్సింది తన దగ్గరేననీ, మధ్యలో వీళ్లెవరనీ కసిరింది.

శనివారం మధ్యాహ్నం దుమ్ము లేపుకుంటూ లారూ వచ్చింది. మా దగ్గర ఫోను పలకదు కాబట్టి ముందుగా ఆపే వీలు లేదు. కుర్చీ ముందుకొచ్చి ఆగింది. అద్దం దించింది గానీ స్టీరింగు మీది చేతులు తియ్యలేదు.

"ఎవరిదే ఆ కుర్చీ?"

"తెలీదు."

"నేను వెనక్కి పోలేను నెల్డా."

"నువ్వు దిగు. నేను పెడతాను."

"నువ్వు పెడితే అది నీ ట్రైలర్ అవుతుంది. నువ్వు లేనిచోట నేనేం చెయ్యను? ఊళ్లో ఎవడికో ఒకడికి అమ్మేస్తాను, అంతే."

నెల్డా కుర్చీ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. చివరికి వెళ్లి, వేడి పెనం పట్టుకున్నట్టు రెండు వేళ్లతో కుర్చీ ఎత్తి, మడవడానికి తిరగేసింది. తిరగేసి అలాగే నిలబడిపోయింది. ఒక కాలి అతుకు మీద పసుపు రంగు ఉంది, స్కూలు బస్సు పసుపు. తుప్పు పట్టకుండా ఆ రంగు పూసింది ఆమే. వసంతంలో గుడ్డ చిరిగిపోతే, చెత్తలో పడెయ్యమని, మాకు కట్టెలు తెచ్చిపెట్టే వెర్ల్ పికప్పులో వేసింది కూడా ఆమే.

లారూ చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ట్రైలర్ ఒక కొమ్మని రాసుకుంది, ఇంకేమీ కాలేదు. బండి ఆపి దిగి, ఎవరైనా చూశారా అన్నట్టు మమ్మల్ని ఎగాదిగా చూసింది.

ఊళ్లో ఉండే ఈ వెర్ల్‌కి, పారేసిన వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోవు. సాయంత్రం కట్టెలతో వచ్చిన అతన్ని నెల్డా పికప్పు దిగనివ్వలేదు.

"నా కుర్చీతో నన్నే బురదలో పడుకోబెట్టావు కదయ్యా."

"వేటగాళ్లొస్తే నీ చోటు పోతుందని వేశానమ్మా. నీ కుర్చీ నువ్వు గుర్తుపట్టవా?"

"కార్ల సీటు బెల్టులు అల్లితే ఎవరు గుర్తుపడతారు?"

"కూర్చుంటే తెలిసేదిగా. ఆ కిర్రు అలాగే ఉంచాను. ఒక్కసారీ కూర్చోలేదా?"

"పరాయి కుర్చీలో ఎలా కూర్చుంటాను?"

వెర్ల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నీ ఉపన్యాసం విన్నవాణ్ణి కదా, విసిరేస్తావేమోనని భయపడ్డాను. కాపలా కాస్తావనుకోలేదు."

ఆ కుర్చీలో అప్పటికే లారూ కూర్చుని, కిర్రుకిర్రుమంటూ, ఇనప గిన్నెలో ఉడికిన పీచ్ పళ్లు తింటోంది. నెల్డాకి బోర్లించిన బకెట్టు మిగిలింది. లేవమని రెండుసార్లు అడిగింది. చోటు కుర్చీది కాదని ఫోనులో తనకీ చెప్పిన మనిషికి కుర్చీ ఎందుకని లారూ కదలలేదు.

కాసేపటికి, రెండు వారాలయ్యాక ఎక్కడికి వెళ్తామని లారూయే అడిగింది. చుట్టూ తిరగడానికి అక్కడ కూడా చెట్టు ఉందా అని అడిగింది.

"లేదు. అంతా బయలే," అంది నెల్డా, బకెట్టు మీద సర్దుకుంటూ. "గోల్‌పోస్టులు కూడా లేవు."